బెంగ: శిశుమనస్తత్త్వ పరిశోధనలు

పిల్లలను పెంచిన తెలుగు ఇల్లాండ్రు బెంగ అను మాటను వివరింపవలసిన పనిలేకుండ వాడుదురు. తల్లి పొరుగూరు పోయి నాలుగుదినములు రాకున్నచో పసివాడు అన్నము ముట్టడు, ఒళ్లు వెచ్చబడును, చేతికిచ్చిన బొమ్మను జారవిడుచును. “వాడికి అమ్మమీద బెంగ” అని నాయనమ్మ ఒక్కమాటలో తేల్చును. ఆమె దృష్టిలో అది జ్వరమువలె నిజమైన వ్యాధి. దానికి మందు తల్లి రాక యొక్కటే. కావ్యభాషలో బెంగటిల్లు అను క్రియ భయపడుట, దిగులుపడుట అను అర్థములలో కానవచ్చును. వాడుకలో ఈ పదము మరింత ఇరుకై, మరింత లోతై, ఎడబాటువలన కలుగు దిగులునకే ప్రధానముగ నిలిచినది. అమ్మమీద బెంగ, ఇంటిమీద బెంగ, ఊరిమీద బెంగ అనునపుడు ఆ ‘మీద’ అను మాట గమనింపదగినది. ఆకలికిని నొప్పికిని ‘మీద’తో పనిలేదు. బెంగకు మాత్రము ఆలంకారికులు చెప్పు ఆలంబనమువంటిది ఒకటి కావలెను. ఆ ఆలంబనము మారిన బెంగ తీరదు. తల్లికి బదులు తియ్యని పదార్థము పెట్టినను తీరదు.

ఇంత సామాన్యమైన విషయమును శాస్త్రము అంగీకరించుటకు చాలకాలము పట్టినది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఐరోపా, అమెరికాలలోని శిశువైద్యులలోను మనస్తత్త్వవేత్తలలోను పెక్కురు ఎడబాటు శిశువునకు హాని చేయునను మాటను పట్టించుకొనలేదు. వారు హృదయహీనులు కారు. వారి నియమములకు రెండు బలమైన కారణము లుండెను.

మొదటిది రోగభయము. అనాథశిశుశాలలలో ఏడాది నిండకుండనే మరణించు శిశువుల సంఖ్య ఘోరముగ నుండిన కాలమది. సూక్ష్మక్రిములవలన రోగములు వ్యాపించునని తెలిసిన పిమ్మట, బిడ్డను ఎంత తక్కువ తాకిన అంత మేలను నియమము వైద్యశాలలలో స్థిరపడెను. మంచమునకు మంచమునకు నడుమ తెరలు వెలసెను. దాదులు ముఖమునకు గుడ్డ కట్టుకొనిరి. బయటినుండి రోగము తెత్తురని తల్లిదండ్రులను దూరముంచిరి. 1949లో లండను వైద్యశాలల సందర్శనవేళలను గూర్చి వెలువడిన జాబితాను చూచిన ఆశ్చర్యము కలుగును. పెక్కుచోట్ల వారమునకు ఒకటి రెండు గంటలే సందర్శనము. ఒకచోట మొదటినెల అసలు లేదు; ఆ తరువాత సాయంకాలము నిద్రించుచున్న బిడ్డను చూచి పోవచ్చును. మరియొకచోట మూడేండ్లలోపు బిడ్డలను అడ్డుతెరల చాటునుండి చూచుటకు మాత్రమే అనుమతి. అప్పటికి పెనిసిలిన్ వచ్చి రోగభయము చాలవరకు తగ్గినది. నియమము మాత్రము తగ్గలేదు.

రెండవది సిద్ధాంతము. ప్రవర్తనవాదులకును ఫ్రాయిడు అనుయాయులకును తక్కిన విషయములలో ఎంత వైరమున్నను ఈ యొక్కచోట ఏకాభిప్రాయము కుదిరినది. శిశువునకు మొదట కావలసినది పాలు. పాలిచ్చునది గనుక తల్లిపై ప్రేమ పుట్టునని ఉభయుల మతము. అట్లైనచో పాలు మరియొకరు పట్టినను కొరత ఉండరాదు. ప్రవర్తనవాద ప్రవక్తయగు జాన్ వాట్సన్ 1928లో తల్లుల కొరకు వ్రాసిన పుస్తకమున బిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొనవద్దనియు, ముద్దు తప్పనిసరియైనచో రాత్రి నిద్రకు ముందు నుదుటిపై ఒక్కటి పెట్టి, ఉదయమున కరచాలనము చేయుడనియు బోధించెను. లాలిపాటలతో పెరిగిన మనకిది హాస్యముగ తోచును. కాని ఆ పుస్తకము ఆనాడు విస్తారముగ అమ్ముడుపోయినది.

ఈ మతమును మొదట బలముగ కుదిపినది వియన్నాలో పుట్టి అమెరికా చేరిన రెనె స్పిట్జ్ అను వైద్యుడు. 1945లో ప్రకటించిన వ్యాసమున అతడు రెండు సంస్థలను పోల్చెను. ఒకటి శుభ్రమైన అనాథశిశుశాల. అచట ఒక్కొక్క దాదికి ఎనమండుగురో అంతకన్న ఎక్కువమందియో బిడ్డలు. రెండవది స్త్రీల కారాగారమున శిశుగృహము. అచట నేరము చేసిన తల్లులే తమ బిడ్డలను ఎత్తుకొని పెంచుచుండిరి. ఆహారమునందు, వైద్యమునందు శిశుశాలకు లోపము లేదు. అయినను రెండేండ్లలో అచటి తొంబదియొక్క మంది బిడ్డలలో మూడింట ఒకవంతునకు మించి మరణించిరి. కారాగారమున ఒక్క శిశువును మరణింపలేదు. బ్రతికినవారిలోను పెక్కురు నడకకు, మాటకు వెనుకబడిరి. స్పిట్జ్ లెక్కలను, పోలిక పద్ధతిని 1955లో శామ్యూల్ పిన్నో అను విమర్శకుడు తీవ్రముగ ఖండించెను. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. రెండు సంస్థల బిడ్డలు ఒకే వంశములనుండి, ఒకే ఆరోగ్యస్థితితో వచ్చినవారని నిశ్చయముగ చెప్పుటకు వీలులేదు. ఈ లోపమును పూరించుటకు మరి అర్ధశతాబ్దము కావలసి వచ్చినది. దానిని కడపట చెప్పెదను.

లండనులో జాన్ బౌల్బీ ఇదే మార్గమున పోవుచుండెను. 1907లో సంపన్నకుటుంబమున పుట్టిన ఇతనిని పెంచినది దాది. తనకు ఇంచుమించు నాలుగేండ్ల వయస్సున ఆమె ఇల్లు విడిచిపోయినదని పెద్దవాడైన పిమ్మట అతడే చెప్పుకొనెను. 1944లో అతడు దొంగతనము చేసిన నలువదినలుగురు పిల్లలను గూర్చి వ్యాసము వ్రాసెను. వారిలో పదునలుగురు ఎవరియందును మమకారము లేనివారు. ఆ పదునలుగురిలో పన్నిద్దరు పసితనమున చాలకాలము తల్లికి దూరమైనవారు. 1951లో ప్రపంచారోగ్యసంస్థ కొరకు అతడు సిద్ధము చేసిన నివేదిక అనేకభాషలలోనికి పోయినది. కాని నివేదికలు చదువు వైద్యులును తమ వార్డులోని పిల్లలు సుఖముగనే ఉన్నారని నమ్ముచుండిరి. కన్నులార చూచుచున్నదానిని కాగితము ఎట్లు కాదనగలదు?

ఆ కన్నులనే మార్చినవాడు జేమ్స్ రాబర్ట్సన్. యుద్ధకాలమున ఆనా ఫ్రాయిడు నడిపిన హాంప్‌స్టెడ్ శిశుగృహమున బాయిలరు మంటను చూచుకొను పనివాడుగ అతడు చేరెను. అచట వంటవారు, పనివారు అను భేదము లేకుండ ప్రతివారును తాము చూచినదానిని చీటీలపై వ్రాయవలెనని నియమము. పరిశీలనాభ్యాసము అతనికి అచట అబ్బినది. 1948లో బౌల్బీవద్ద చేరి, వైద్యశాలలలో పిల్లలను రెండేండ్లకు పైగ చూచి, చూచినదానిని చెప్పగా ఎవరును నమ్మలేదు. అంతట చలనచిత్రము తీయుటకు నిశ్చయించెను.

ఆ చిత్రము తయారైన పద్ధతి పరిశోధక విద్యార్థులు తెలిసికొనదగినది. ఏడ్చు బిడ్డను ఏరుకొని తీసినాడను నింద రాకుండ, ప్రవేశమునకు వేచియున్న పిల్లల జాబితాపై గుండుసూది గ్రుచ్చి బాలికను ఎన్నుకొనిరి. ఆమె వయస్సు రెండేండ్ల అయిదునెలలు. బొడ్డువద్ద చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములుండవలసినది. ప్రతిదినము నియమితవేళలలోనే చిత్రించిరి. సాక్ష్యముగ వార్డులోని గడియారము చిత్రమున కానవచ్చుచుండును. కెమెరా చేతిలో పట్టుకొని తీసినది, శబ్దము లేదు. దైవవశమున ఆ బాలిక తన వయస్సునకు మించిన నిగ్రహము కలది. పెద్దపెట్టున ఏడ్వలేదు. పెదవి బిగించి, ఇంటినుండి తెచ్చుకొన్న ఎలుగుబంటి బొమ్మను హత్తుకొని, మాటిమాటికి అమ్మ ఎక్కడ అని మెల్లగ అడుగును. దినములు గడచినకొలది ఆమె ముఖము చిన్నవోవుట, తల్లి వచ్చినపుడు ముఖము త్రిప్పుకొనుట చూచువానికి తెలియును. 1952 నవంబరులో లండనులోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ సభ్యులకు ప్రదర్శింపగా సభ మండిపడినది. పిల్లల వైద్యులను అవమానించినాడని నిందించిరి. తమ వార్డులో ఇట్టిది జరుగదనిరి. కొందరు మాత్రము మరునాడు వార్డునకు పోయి, ఎన్నడును లేనిది, మూలమంచము మీద సద్దుచేయక కూర్చున్న బిడ్డను నిలిచి చూచిరి.

రాబర్ట్సన్, బౌల్బీలు ఎడబాటునకు లోనైన శిశువులలో మూడు దశలను గుర్తించిరి. తెలుగులో శాస్త్రము వ్రాయువారు వీనిని నిరసన, నిరాశ, వియోజనము అని అనువదింతురు. మాటలు తప్పు కావు, ప్రాణము లేదు. మొదటి దశలో బిడ్డ మొరపెట్టును, పేచీ పెట్టును, తలుపువైపే చూచును. రెండవ దశలో ఏడుపు తగ్గి, తిండి మాని, ఉలుకుపలుకు లేక ఉండును. ఇదియే మన బెంగ. మూడవ దశలో బిడ్డ మరల తినును, దాదులతో నవ్వును, ఆడుకొనును; తల్లి వచ్చినచో మాత్రము ఎవరో వచ్చినట్లు చూచి ఊరకుండును. దీనికి మన వాడుకలో ‘మనసు విరుగుట’ అను పలుకుబడి సరిపోవునని నా అభిప్రాయము.

వైద్యశాలవారు పొరపడిన చోటు ఇదియే. మొదటిదినము గగ్గోలు పెట్టిన బిడ్డ నాల్గవదినమున నెమ్మదించినచో ‘అలవాటుపడినాడు’ అని వ్రాసికొనిరి. తల్లి వచ్చి పోయినపుడు బిడ్డ మరల ఏడ్చినచో, తల్లి రాకయే బిడ్డను చెరచుచున్నదని సందర్శనమును ఇంకను తగ్గించిరి. నెమ్మది కోలుకొనుటకు గుర్తు కాదు, వ్యాధి ముదురుటకు గుర్తు అని తెలిసినపుడు లెక్క యంతయు తలక్రిందులైనది. ఏడ్చు బిడ్డయే మేలైన స్థితిలో నున్న బిడ్డ. నా మూడవయేట మా తల్లి చెల్లెలి కానుపునకై పుట్టింటికి పోయి నెలకు పైగ ఉన్నదట. తిరిగివచ్చి చేతులు చాపగా నేను నాయనమ్మ కొంగు చాటునకు పోయితినట. “నన్ను మరిచిపోయాడే!” అని తల్లి కంట నీరు పెట్టుకొనగా, “మరవలేదే, అలిగాడు” అని నాయనమ్మ అన్నదని మా యింట నేటికిని చెప్పుకొందురు. అలుక అనునది బంధము తెగలేదనుటకు గుర్తు. నాకు నాయనమ్మ ఉండుటచేత అలుకతో పోయినది. ఎవరును లేని బిడ్డకు అది అలుకగ నిలువదు.

1959లో బ్రిటిషు ప్రభుత్వమునకు అందిన ప్లాట్ సంఘపు నివేదిక తల్లిదండ్రులకు ఎల్లవేళల ప్రవేశముండవలెననియు, అయిదేండ్లలోపు బిడ్డలతో తల్లి యుండుటకు వీలు కల్పింపవలెననియు సూచించినది. న్యూకాసిల్ నగరమున జేమ్స్ స్పెన్స్ అను వైద్యుడు 1920ల దశకమునుండియే తల్లులను బిడ్డలతో నుంచుకొనుచుండెను. అతనిని చూచి నేర్చుకొనవచ్చునని ఎవరికిని తోచకపోవుట విచిత్రము.

పాలవలననే ప్రేమ పుట్టునను సిద్ధాంతమును మాత్రము కోతిపిల్లలు కూల్చినవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హారీ హార్లో వాడుచుండిన కోతులు మన దేశమునుండి ఓడలలోను విమానములలోను పోయినవే. దారిలో రోగములు తగులుచుండుటచేత తానే కోతులను పెంచదలచి, పుట్టిన పిల్లలను తల్లులనుండి వేరుచేసి శుభ్రముగ పెంచెను. అవి ఆరోగ్యముగ పెరిగినవి. కాని పంజరమున పరచిన గుడ్డలను కౌగిలించుకొని, గుడ్డ తీసినచో గోల చేయసాగినవి. ఆ గోలనుండియే ప్రశ్న పుట్టినది. అతడు ఇనుపతీగతో ఒక బొమ్మతల్లిని, మెత్తని గుడ్డ చుట్టి మరియొక బొమ్మతల్లిని చేయించెను. తీగతల్లివద్దనే పాలు దొరకు పిల్లలును త్రాగి వెంటనే గుడ్డతల్లివద్దకు పరుగెత్తి, దినములో అధికభాగము దానినే అంటిపెట్టుకొనినవి. 1958లో ఈ ఫలితము వెలువడినది. ఆ తరువాత అతడు పిల్లలను నెలలకొలది ఒంటరిగ బంధించి చేసిన ప్రయోగములు క్రూరములు. వానినుండి తెలిసినదానికన్న చెల్లించిన మూల్యము హెచ్చు. 1978లో భారతప్రభుత్వము కోతుల ఎగుమతిని నిషేధించినది.

బెంగ తెలిసినది; దానికి మూలమైన బంధము ఎట్లు ఏర్పడునో చూచినది మేరీ ఐన్స్‌వర్త్. లండనులో బౌల్బీవద్ద పనిచేసి, భర్త ఉద్యోగమునుబట్టి 1954లో ఉగాండా చేరి, కంపాలా సమీపగ్రామములలో ఇరువదియారుగురు తల్లులను, వారి శిశువులను ఇండ్లలోనే పరిశీలించెను. ప్రాకనేర్చిన శిశువు తల్లిని విడిచి కొంతదూరము పోయి, వెనుదిరిగి చూచి, మరికొంత పోవును. భయము కలిగినచో వెనుకకు వచ్చి తాకును. తల్లి యున్నదను ధైర్యమే బిడ్డను దూరము పంపుచున్నదని ఆమె గ్రహించెను. మన దాగుడుమూతలాటలో కన్నులు మూయు పెద్దను కొన్ని ఊళ్లలో తల్లి యందురు. ఆమెను తాకినవాడు దొంగకు దొరకడు. ఐన్స్‌వర్త్ సిద్ధాంతమును తరగతిలో చెప్పుటకు ఇంతకన్న మంచి దృష్టాంతము నాకు దొరకలేదు.

తరువాత అమెరికాలోని బాల్టిమోరున మరి ఇరువదియారు కుటుంబములను శిశువు పుట్టినది మొదలు ఏడాదిపాటు, మూడువారముల కొకమారు, ఒక్కొక్కమారు నాలుగుగంటలు చూచెను. ఏడాది నిండిన పిమ్మట ఇరువదినిమిషముల చిన్న పరీక్ష పెట్టెను. దానిని మనము కొత్తచోటి పరీక్ష యనవచ్చును. బొమ్మలున్న గదిలో తల్లియు బిడ్డయు, కొత్తమనిషి వచ్చును, తల్లి బయటికి పోవును, మరల వచ్చును. తల్లి పోయినపుడు ఎంత ఏడ్చినాడనుటకన్న తల్లి వచ్చినపుడు ఏమి చేసినాడనునది ముఖ్యమని ఆమె కనిపెట్టెను. మూడింట రెండువంతుల బిడ్డలు తల్లిని చేరి, ఊరడిల్లి, మరల ఆటకు పోయిరి. కొందరు చంక ఎక్కియు ఊరడిల్లక తన్నుచు ఏడ్చిరి. మరికొందరు తల్లి పోయినను ఏడ్వలేదు, వచ్చినను చూడలేదు. బొమ్మలతో ఆడుచునే యుండిరి. చూచువానికి వీరే బుద్ధిమంతులు. ఏడాది పొడుగున ఇంటిలో వ్రాసిన పరిశీలనలను తిరుగవేయగా, ఎత్తుకొమ్మని చేతులు చాచినపుడు తరచుగ త్రోసివేయబడిన బిడ్డలు వీరేయని తెలిసినది. 1977లో స్రూఫ్, వాటర్స్ అను పరిశోధకులు ఇట్టి బిడ్డల గుండెవేగమును కొలిచి చూడగా, ఏడ్చు బిడ్డల గుండెవలెనే అదియు వేగముగ కొట్టుకొనుచుండెను. వైద్యశాలలోని నెమ్మదియే ఇచట ఇంటిలోని నెమ్మదిగ కానవచ్చినది.

ఈ పరీక్షను అన్నిదేశములకు ఒకే కొలబద్దగ వాడుట తగదు. జపానులోని సప్పొరో నగరమున ఊరడిల్లని బిడ్డలు ఎక్కువగ కనబడిరి. తల్లిని క్షణమైనను విడువని బిడ్డకు ఆ పరీక్షయే ఎక్కువ భయంకరము. 1988లో ఎనిమిది దేశముల ఫలితములను కూర్చి చూచిన డచ్చి పరిశోధకులు, దేశమునకు దేశమునకు నడుమ నున్న భేదముకన్న ఒకే దేశములోపలి భేదము హెచ్చని చూపిరి. మన ఇండ్లకు మరియొక చిక్కు కలదు. బౌల్బీ మొదటి వ్రాతలలో తల్లి యొక్కతెయే సర్వస్వము. దీనిని మార్గరెట్ మీడ్ 1954లోనే ఆక్షేపించెను; 1972లో మైకేల్ రట్టర్ విషయమంతయు తిరిగి పరిశీలించి, బంధము తల్లితోనే కానక్కరలేదనియు, ఏర్పడిన బంధము తెగుటయు అసలు బంధమే ఏర్పడకపోవుటయు వేర్వేరు హానులనియు వివరించెను. అమ్మమ్మ, మేనత్త, పిన్ని చంకలు మారుచు పెరిగిన బిడ్డకు బంధములు కొన్ని యుండును. లెక్కకు మించి ఉండవు. ‘పిల్ల వాళ్లత్తకు మాలిమి’ అని మనము చెప్పునది దీనినే. ఆంగ్లమున అటాచ్‌మెంట్ అను పదమునకు అనుబంధమని వ్రాయుచున్నాము. అది అన్ని వయస్సులకును చెల్లు విశాలపదము. ఒక ప్రత్యేక వ్యక్తికి బిడ్డ చేరువై నమ్ముటకు మాలిమి యను మాట సిద్ధముగ నుండగా పాఠ్యగ్రంథములలో దానికి చోటు లేకపోవుట నాకు లోపముగ తోచును.

ఇక స్పిట్జ్ వదలిన లోపము. రుమేనియాలో 1966లో చౌషెస్కు ప్రభుత్వము జననసంఖ్య పెంచదలచి గర్భస్రావమును నిషేధించినది. పోషింపలేని తల్లిదండ్రులు బిడ్డలను ప్రభుత్వశాలలకు అప్పగించిరి. 1989 డిసెంబరులో ప్రభుత్వము కూలునాటికి లక్షకు పైగా పిల్లలు వానిలో నుండిరి. అచట వరుస మంచములలో పడుకొన్న శిశువులు ఏడ్వరని చూచినవారు వ్రాసిరి. ఏడ్చినను ఎవరును రారని వారెరుగుదురు. 2000 తరువాత చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను మువ్వురు అమెరికా పండితులు బుకారెస్టున నూటముప్పదియారుగురు పసివారిని తీసికొని, చీటీలు వేసినట్లు సగముమందిని పెంపుడు కుటుంబములకు పంపిరి. తక్కినవారు మునుపటివలెనే ఉండిరి. ఇది న్యాయమా యను ప్రశ్న నేటికిని వినబడును. నగరమున పెంపుడు కుటుంబములు ఇంచుమించు లేవు. వానిని వెదకి, నేర్పి, పోషించినది ఆ పరిశోధనయే. మిగిలిన బిడ్డలకు ఇండ్లు దొరకినచో పోనిత్తుమను మాటను వారు నిలుపుకొనిరి. అయినను చీటీ రాని బిడ్డ ముఖము మన యెదుట నిలువకపోదు.

ఫలితము నిర్ద్వంద్వము. పెంపుడిండ్లకు పోయినవారి బుద్ధివికాసము మెరుగుపడినది. రెండేండ్లలోపు పోయినవారికి మరింత మేలు కలిగినది. మూడున్నర యేండ్ల వయస్సున పెంపుడు బిడ్డలలో ఇంచుమించు సగముమంది నిశ్చింతమైన మాలిమి చూపిరి. శిశుశాలల జాబితాలోనివారిలో అట్టివారు అయిదింట ఒకవంతునకు లోపలనే. ఏకాగ్రతలోపములు మాత్రము పెంపుడిండ్లలోను అంతగ తగ్గలేదు. విరిగిన మనసు అతుకదని మనవారి నమ్మకము. బుకారెస్టు ఆ నమ్మకమును సగమే సమర్థించినది: అతుకును, కాని త్వరపడవలెను. 2005లో అమలునకు వచ్చిన రుమేనియా చట్టము రెండేండ్లలోపు బిడ్డలను సంస్థలలో నుంచుటను, తీవ్రమైన వైకల్యము గలవారి విషయమున తప్ప, నిషేధించినది.

ఈ ఫలితములన్నియు ప్రధానముగ మూడు నాలుగేండ్లలోపు శిశువులకు సంబంధించినవి. పదేండ్ల బాలుని వసతిగృహవాసమునకు వీనిని యథాతథముగ అన్వయింపరాదు. అట్లన్వయించి వ్రాసిన వ్యాసములు కొన్ని నా దృష్టికి వచ్చినవి; అవి శాస్త్రము కావు. కాని తెలుగునాట ఆరేడేండ్లకే పిల్లలను వసతిగృహములలో చేర్చు వాడుక కలదు. వారి ప్రగతిపత్రములపై మొదటినెల గడచిన పిమ్మట ‘బాగుగ అలవాటుపడినాడు’ అను వాక్యమును నేను పలుమారులు చదివితిని. ఆ మాట వ్రాసినవారు దేనిని చూచి వ్రాసిరి? ఏడ్వకుండుటనా, ఆడుటనా? ఎంతసేపు చూచిరి? ఆదివారమున తల్లి వచ్చి నిలిచినపుడు, ఆ మొదటి రెండు నిమిషములు చూచిరా? ఇది మన విద్యార్థి యొకడు ఒక సంవత్సరములో చేయదగిన పరిశోధన. తల్లిదండ్రుల అనుమతియు, సంస్థ అనుమతియు ముందుగ పొందవలెను. తల్లులు బిడ్డలను గూర్చి వాడు మాటలను, ఉపాధ్యాయులు వాడు మాటలను వేర్వేరుగ వ్రాసికొనవలెను. ఏ జిల్లాలో బెంగ యందురో, ఏ జిల్లాలో దిగులందురో అదియు తెలియును. పరికరములకు పెద్ద వ్యయము లేదు. రాబర్ట్సన్ వద్ద నుండినవి చేతికెమెరా, గోడగడియారము, ఒక గుండుసూది.